లెఫెవ్ర్ అంటే కమ్మరి: ఒక ఫ్రెంచి ఇంటిపేరుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో ఉద్యోగం చేస్తూ అక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. కోడలి ఇంటిపేరు స్పెల్లింగ్ ఎల్-ఇ-ఎఫ్-ఇ-బి-వి-ఆర్-ఇ. శుభలేఖలో ‘లెఫెబ్వ్రే’ అని వేయించాం. అమ్మాయి చూసి అలా పలకరంది. ఎలా పలకాలి? దానికి అర్థం ఉందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ‘లెఫెవ్ర్’ అనండి. ‘బి’ పలకదు, చివరి ‘ఇ’ కూడా పలకదు. మొదటి ‘లె’ని సాగదీయకుండా తేల్చేసి, ‘ఫె’ మీద కాస్త బరువు పెట్టాలి. చివరి ‘ర్’ మన ‘ర’లా నాలుక కొసతో పలికేది కాదు, గొంతులోంచి వస్తుంది. వేగంగా మాట్లాడేటప్పుడు అది దాదాపు మాయమై ‘లెఫెవ్’ అని వినిపిస్తుంది. మీకు ‘ర్’ సరిగ్గా రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. ‘బి’ని పలికితే మాత్రం ఎవరి గురించి అడుగుతున్నారో వాళ్లకు తెలియకపోవచ్చు.

అర్థం సూటిగా ఉంది. ‘లె’ అంటే ఇంగ్లిషు ‘ది’ లాంటి మాట. ‘ఫెవ్ర్’ అంటే పాత ఫ్రెంచిలో కమ్మరి. తెలంగాణ పల్లెల్లో ‘కమ్మరి’ అనేదే ఇంటిపేరుగా ఉన్న కుటుంబాలున్నాయి కదా, మీ కోడలిదీ సరిగ్గా అలాంటి పేరే.

దీనికి మూలం లాటిన్‌లోని ‘ఫాబెర్’. గట్టి సరుకుతో పని చేసే చేతిపనివాడు ఎవరైనా ఫాబెరే. కొయ్య పనివాడినీ, ఇనుప పనివాడినీ పక్కన ఇంకో మాట చేర్చి వేరుచేసేవారు. కాలక్రమంలో అది కొలిమి దగ్గర కూర్చునే మనిషికే స్థిరపడింది. ‘ఫాబెర్’ కర్మ విభక్తిలో ‘ఫాబ్రుమ్’ అవుతుంది, ఫ్రెంచి మాట పుట్టింది ఆ రూపం నుంచే. లాటిన్‌లో ‘బ్ర్’ ఉన్న చోట ఉత్తరాది ఫ్రెంచిలో ‘వ్ర్’ వస్తుంది. ఫిబ్రవరి నెలకు లాటిన్ పేరు ‘ఫెబ్రువారియుస్’, ఫ్రెంచి పేరు ‘ఫెవ్రియే’. జ్వరానికి లాటిన్‌లో ‘ఫెబ్రిస్’, ఫ్రెంచిలో ‘ఫియెవ్ర్’. తూకానికి వాడే ‘లిబ్రా’ ఫ్రెంచిలో ‘లివ్ర్’ అయింది. ‘ఫాబ్రుమ్’ ‘ఫెవ్ర్’ అయిందీ ఈ దారిలోనే.

ఈనాటి ఫ్రెంచిలో ‘ఫెవ్ర్’ అనే మాట ఒంటరిగా వాడుకలో లేదు. ‘ఓర్ఫెవ్ర్’లో మాత్రం బతికి ఉంది. ‘ఓర్’ అంటే బంగారం, ‘ఓర్ఫెవ్ర్’ అంటే కంసాలి. పారిస్‌లో సేన్ నది ఒడ్డున కంసాలులు ఉండిన వీధికి ఇప్పటికీ ‘కే దెజ్ ఓర్ఫెవ్ర్’ అనే పేరు.

ఇప్పుడు ఫ్రాన్స్‌లో కమ్మరిని ‘ఫోర్జెరోఁ’ అంటారు. ఆ మాట ఇంటిపేరుగా ఎక్కడోగానీ తగలదు. ఇంటిపేర్లు స్థిరపడుతున్న 12–14 శతాబ్దాల్లో జనం నోట ఉన్నది ‘ఫెవ్ర్’. ‘ఫోర్జెరోఁ’ వచ్చి దాన్ని పక్కకు నెట్టేసరికి పేర్లన్నీ అప్పటికే పెట్టేసుకున్నారు.

ప్రశ్న: పలకనప్పుడు ఆ ‘బి’ ఎందుకు? ‘లెఫెవ్ర్’నే ‘బి’ లేకుండా రాసేవాళ్లూ ఉన్నారు. రెండూ వేరే ఇళ్లా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ‘బి’ లేఖకులు పెట్టింది. 15, 16 శతాబ్దాల్లో లాటిన్ చదువుకున్న రాయసగాళ్లు ఫ్రెంచి మాటల్లో లాటిన్ మూలం కంటికి కనబడాలని, నోటికి రాని అక్షరాలను కాగితం మీద తిరిగి చేర్చారు. ఏడు అనే అంకెకు పాత ఫ్రెంచిలో ‘సెత్’ అనేవారు, అందులో ‘పి’ లేదు. లాటిన్ ‘సెప్తెమ్’ను తలచుకుని ‘పి’ చేర్చారు, ఇప్పటికీ అది పలకదు. వేలికి ఉన్న మాటలో ‘జి’ కూడా అలా వచ్చిందే. ‘ఫెవ్ర్’లోకి ‘బి’ వచ్చింది ‘ఫాబెర్’ను గుర్తు చేయడానికి. ఊళ్లో సుబ్బడని పిలిచే మనిషి దస్తావేజులో సుబ్రహ్మణ్యం అయినట్టే ఇదీ.

మరో అవసరం కూడా ఉంది, ఇది చాలామంది చెప్పరు. ఆ రోజుల్లో ‘యు’కూ ‘వి’కీ రాతలో తేడా లేదు, రెంటికీ ఒకే అక్షరం. ఎఫ్-ఇ-యు-ఆర్-ఇ అని రాస్తే ‘ఫెవ్ర్’ అని చదవాలో ‘ఫ్యూర్’ అని చదవాలో తెలియదు. ముందు ‘బి’ ఉంటే, తర్వాతిది హల్లు అని చదివేవాడికి అర్థమవుతుంది. ఇంత జాగ్రత్త పడినా కొన్నిచోట్ల తర్వాతివాళ్లు ‘వి’ని ‘యు’గా చదివారు. ‘లెఫెబ్యూర్’ అనే ఇంటిపేరు అలా పుట్టింది. వాళ్లు ‘బి’ని నిజంగానే పలుకుతారు.

ఇక రెండో సంగతి. ‘బి’ ఉండటం, లేకపోవడం వేర్వేరు వంశాలకు గుర్తు కాదు. 1700ల నాటి రిజిస్టర్లలో ఒకే మనిషి బాప్తిస్మం రాతలో ఒక రకంగా, పెళ్లి రాతలో ఇంకో రకంగా, ఖననం రాతలో మూడో రకంగా కనిపించడం మామూలే. పక్కన వరుడి సంతకం ఉంటే దాన్ని చూడండి. పాదిరి ‘బి’తో రాసిన చోట వరుడు ‘బి’ లేకుండా సంతకం చేసి ఉండొచ్చు. విప్లవ ప్రభుత్వం 1794 ఆగస్టు 23న చేసిన చట్టం ప్రకారం ఏ పౌరుడూ జనన దాఖలాలో ఉన్నది తప్ప ఇంకో పేరు వాడకూడదు. ఆ తర్వాత 1877 నుంచి పెళ్లినాడు ‘లివ్రే ద ఫామియ్’ అనే కుటుంబ పుస్తకం చేతికిచ్చే పద్ధతి వచ్చింది. ఈ రెంటితో రాత గడ్డకట్టింది. గుమాస్తా కలం ఆ వేళకు ఎటు తిరిగితే అదే ఇంటిపేరు.

ప్రశ్న: ఈ పేరున్నవాళ్లు ఫ్రాన్స్‌లో ఏ ప్రాంతంలో ఎక్కువ? దక్షిణాది కమ్మరుల పేరేమిటి?
— ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఇంటిపేర్లలో ఇంత చక్కగా పటం గీసి చూపించగలిగినవి కొన్నే ఉంటాయి.

‘బి’ ఉన్న లెఫెవ్ర్‌కు పుట్టిల్లు ఉత్తర కొస. బెల్జియం సరిహద్దులోని నోర్, దాని పక్కన పా-ద-కాలే, సోమ్. నోర్‌లో ఇది అత్యంత సాధారణమైన పేర్లలో ఒకటి, మీరు లీల్‌లో ఏ బడి హాజరుపట్టీ తెరిచినా తగులుతుంది. నార్మండీలోనూ గట్టిగా ఉంది. ‘బి’ లేనిది ఇంకొంచెం విస్తరించి, పారిస్ చుట్టుపక్కలా ఉత్తర మధ్య ప్రాంతాల్లోనూ కనిపిస్తుంది.

తూర్పుకు, స్విస్ సరిహద్దు వైపున్న ఫ్రాంష్-కోంతేకు వెళ్తే ‘ఫేవ్ర్’ అవుతుంది. అక్కడ ముందు ‘లె’ ఉండదు. ఇంకాస్త దిగి సావోయ్, ఫ్రెంచి మాట్లాడే స్విట్జర్లాండ్ చేరితే ‘ఫావ్ర్’. దోఫినే, ఆర్దేష్, లిమూజాఁ వైపు ‘ఫోర్’, ఎఫ్-ఎ-యు-ఆర్-ఇ. అక్కడి ఆక్సితాన్ భాషలో పాత ‘బ్ర్’ ‘ఉర్’ అయింది కాబట్టి ఆ రూపం వచ్చింది. లాంగ్దోక్‌లో లాటిన్ ‘బి’ని వదల్లేదు, అక్కడ ‘ఫాబ్ర్’ అంటారు, ‘బి’ని నిండుగా పలుకుతారు. గాస్కనీలో ‘ఫ’ అంతా ‘హ’గా మారుతుంది కాబట్టి ‘ఓర్’ అని పలికే రూపం, హెచ్-ఎ-యు-ఆర్-ఇ అని రాసేది, కనిపిస్తుంది. రాతలో ‘హెచ్’ ఉన్నా ఫ్రెంచివాళ్లు పలకరు.

భాష మారిన చోట మాటే మారిపోయింది. బ్రెటన్‌లో కమ్మరి ‘గోవ్’, అందుకే బ్రిటనీలో ‘లె గోఫ్’. జర్మన్ యాస మాట్లాడే అల్సాస్‌లో ‘ష్మిత్’. కాతలాన్ మాట్లాడే పెర్పిన్యాఁ వైపు ‘ఫెరేర్’. బాస్క్ నేలలో ‘అరోత్సరేనా’, అంటే ‘కమ్మరిది’ అని. బాస్క్ పద్ధతిలో అది మొదట ఇంటికి పేరు, ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు తర్వాత అంటుకున్న పేరు. మన ‘ఇంటిపేరు’ అనే మాటకు ఫ్రాన్స్ మొత్తంలో అక్షరాలా సరిపోయేది బాస్క్‌వాళ్ల పద్ధతే.

కీటకాల మీద జీవితమంతా రాసిన జాఁ-ఆంరీ ఫాబ్ర్ (1823–1915), 1895లో ఫ్రాన్స్ అధ్యక్షుడైన ఫెలిక్స్ ఫోర్, సంగీతకారుడు గాబ్రియెల్ ఫోరే (1845–1924), నెపోలియన్ మార్షల్ ఫ్రాంస్వా జోజెఫ్ లెఫెవ్ర్ (1755–1820) నలుగురి పేర్లకూ వేరు ఒకటే. ఈ చివరాయన పుట్టింది అల్సాస్‌లో. పేరు ఉత్తరాదిది, మనిషి తూర్పువాడు. పేరును బట్టి పుట్టిన ఊరు చెప్పేయకూడదనడానికి ఇదొక ఉదాహరణ. పేరు చెప్పేది పేరు పుట్టిన చోటు మాత్రమే.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ‘స్మిత్’ మొదటి స్థానంలో ఉంది. ఫ్రాన్స్‌లో కమ్మరికి ఆ స్థానం ఎందుకు రాలేదు? ఎంతమంది ఉన్నారో ఖచ్చితంగా తెలుసుకునే వీలుందా?
— ఒక ఉపాధ్యాయుడు, విజయవాడ

జవాబు: ఫ్రాన్స్‌లో మొదటి ఇంటిపేరు మార్టిన్, వాళ్ల పలుకులో ‘మార్తాఁ’. 397లో కన్నుమూసిన తూర్ నగరపు బిషప్పు సంత్ మార్టిన్ పేరు పిల్లలకు ఊరూరా పెట్టేవారు, తర్వాత తండ్రి పేరే ఇంటిపేరైంది. ఉత్తరమైనా దక్షిణమైనా ఆ పేరు దాదాపు మారదు కాబట్టి లెక్కంతా ఒక్కచోట పోగుపడింది. కమ్మరి పేరు పైన చెప్పినట్టు డజను రూపాలుగా చీలిపోయింది. అయినా ‘బి’ ఉన్న లెఫెవ్ర్ ఒక్కటే దేశంలో మొదటి ఇరవై పేర్లలో నిలుస్తుంది. దానికి ‘బి’ లేని రూపాన్ని, ఫోర్, ఫాబ్ర్, ఫావ్ర్, ష్మిత్, లె గోఫ్‌లను కలిపి ఒకే గంపలో వేస్తే మార్టిన్‌కు గట్టి పోటీ అవుతుంది. ఊరికో కొలిమి లేనిదే నాగలి కర్రు లేదు, గుర్రానికి లాడం లేదు. ఊరికి ఒకడే కమ్మరి ఉంటాడు కాబట్టి ‘ఆ కమ్మరి’ అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. ఇంటిపేరుగా అతుక్కోవడానికి అంతకంటే అనువైన గుర్తు ఏముంటుంది?

లెక్క తీసేటప్పుడు జాగ్రత్త. వెబ్‌సైట్లలో కనిపించే అంకెల్లో ఎక్కువ భాగం జాతీయ గణాంక సంస్థ ‘ఇన్సే’ జననాల ఫైలు నుంచి తీసినవి. అది 1891 నుంచి 1990 వరకు పుట్టినవాళ్లను పాతికేళ్ల చొప్పున నాలుగు ముక్కలుగా చూపిస్తుంది. ఇప్పుడు బతికున్నవాళ్ల లెక్క కాదది. దాన్ని చదివేటప్పుడు మూడు తప్పులు జరుగుతాయి.

మొదటిది: ఆ ఫైలుకు ఆధారమైన జాతీయ వ్యక్తుల రిజిస్టరు 1946లో మొదలైంది. అంతకుముందే చనిపోయినవాళ్లు, మొదటి ప్రపంచ యుద్ధంలో నేలకొరిగిన కుర్రాళ్లతో సహా, అందులో సరిగ్గా చేరలేదు. అందుకే 1891–1915 అంకె అసలు కంటే తక్కువగా ఉంటుంది. దాన్ని తర్వాతి ముక్కతో పోల్చి ‘ఈ పేరు పెరిగింది’ అంటే పొరపాటు.

రెండోది: పేర్లన్నీ పెద్దబడి అక్షరాల్లో, ఉచ్చారణ గుర్తులు తీసేసి ఉంటాయి. గుర్తు ఉన్నదీ లేనిదీ ఒకటే అయిపోతాయి.

మూడోది: ఆ ఫైలులో ఉండేది పుట్టిన ఊరు, కాపురం ఉన్న ఊరు కాదు. కాన్పులు ఆసుపత్రులకు మారాక పల్లె పిల్లలంతా పట్నం లెక్కలో పడ్డారు. పేరు ‘పల్లె వదిలి పట్నం చేరింది’ అని పటం చూపిస్తే, తరలివెళ్లింది కాన్పు మంచమే కావచ్చు. ఏ పేరుకైనా సొంత నేల తెలియాలంటే మొదటి ముక్క పటాన్నే చూడండి. అంకెలు తక్కువైనా ఊళ్లు నిజం చెబుతాయి.

ప్రశ్న: లెఫెవ్ర్‌లందరూ చుట్టాలేనా? ఒక సైటు ‘లెఫెవ్ర్ వంశ చిహ్నం’ అని చట్రం కట్టి అమ్ముతోంది. కోడలికి కానుకగా కొందామనుకుంటున్నాం.
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చుట్టాలు కారు. ఊరికో కమ్మరి ఉన్నప్పుడు ఊరికో మూలపురుషుడు ఉన్నట్టే. పక్కపక్క ఊళ్ల లెఫెవ్ర్‌లు కూడా చాలాసార్లు వేర్వేరు ఇళ్లవాళ్లు.

చిహ్నం కొనకండి. యూరప్‌లో అలాంటి గుర్తు ఒక ఫలానా కుటుంబానికి చెందుతుంది, ఇంటిపేరుకు చెందదు. ఒకే పేరున్న పది కుటుంబాలకు పది గుర్తులు ఉండొచ్చు, వెయ్యి కుటుంబాలకు అసలు ఉండకపోవచ్చు. ఆ డబ్బుతో కింద చెప్పినట్టు ఆ అమ్మాయి ముత్తాత పెళ్లి దాఖలా సంపాదించి, ఆయన సంతకంతో సహా అచ్చువేయించి చట్రం కట్టించండి. అది నిజంగా ఆమెది.

ప్రశ్న: ముత్తాతల దాకా వెళ్లాలంటే ఏం చేయాలి? మాకు ఫ్రెంచి రాదు.
— ఒక తెలుగు కుటుంబం, లియోఁ, ఫ్రాన్స్

జవాబు: వెనక్కి, ఒక్కో మెట్టూ దిగాలి. మధ్యలో మెట్టు తప్పితే వేరే ఇంట్లో దిగుతారు. లెఫెవ్ర్ లాంటి పేరుకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ముందు ఆ వ్యక్తి తాను పుట్టిన ఊరి ‘మేరీ’, అంటే మున్సిపల్ కార్యాలయం, నుంచి జనన దాఖలా పూర్తి నకలు తెప్పించుకోవాలి. డబ్బు కట్టనక్కర్లేదు. దాన్ని ‘కోపీ ఎంతెగ్రాల్’ అంటారు. సంక్షిప్త నకలు తీసుకుంటే మీకు కావలసిన వివరాలు కొన్ని రాకపోవచ్చు. పూర్తి నకలులో తల్లిదండ్రులు పుట్టిన తేదీ, ఊరు ఉంటాయి. అంచున చిన్న అక్షరాల్లో రాసిన రాతలను వదలకండి. 1897 నుంచి పెళ్లి వివరం, 1945 నుంచి మరణ వివరం ఆ అంచులోనే రాస్తున్నారు. అసలు రాత కంటే ఆ అంచే ఎక్కువ దారి చూపిస్తుంది.

జనన, వివాహ రిజిస్టర్లు 75 ఏళ్లు నిండాక అందరికీ తెరుస్తారు. అవి ఆయా దెపార్త్‌మాఁ (మన జిల్లా లాంటిది) దస్త్రాల కార్యాలయపు సైట్లలో ఉచితంగా, పేజీల ఫొటోలుగా దొరుకుతాయి. వాటిలో నేరుగా పేజీలు తిప్పకండి. ‘తాబ్ల్ దెసెనాల్’ అనే పదేళ్ల పట్టికలు తెరవండి. ఊరివారీగా, అక్షరక్రమంలో పేరూ తేదీ ఉంటాయి. తేదీ పట్టుకుని అసలు రిజిస్టరుకు వెళ్లండి.

ఇక్కడే లెఫెవ్ర్‌కు ప్రత్యేకమైన చిక్కు. పాత రాతల్లో ‘లె’ విడిగా, ‘ఫెవ్ర్’ విడిగా ఉంటుంది. కొన్ని పట్టికల్లో ఆ పేరు ‘ఎల్’ కింద ఉంటే, కొన్నిట్లో ‘ఎఫ్’ కింద ఉంటుంది. రెండు చోట్లా వెతకండి. ‘బి’తో, ‘బి’ లేకుండా, ‘వి’కి బదులు ‘యు’తో, అన్ని రూపాలూ కాగితం మీద ముందే రాసుకుని పక్కన పెట్టుకోండి.

1793 నుంచి 1805 చివరిదాకా తేదీలు విప్లవ పంచాంగంలో ఉంటాయి. నెలకు 30 రోజులు, వారానికి 10 రోజులు, నెలల పేర్లు వేరు. ఇంతకుముందు చెప్పిన 1794 ఆగస్టు 23, ఆ పంచాంగంలో ‘రెండో సంవత్సరం, ఫ్రుక్తిదోర్ 6’. మార్చే పట్టికలు ఆన్‌లైన్‌లో బోలెడు. నోటిలెక్క వద్దు, ఒక్కరోజు తేడా వచ్చినా దాఖలా దొరకదు.

1792 సెప్టెంబరు 20కి ముందు జనన మరణాల రాత చర్చిది. రాజు ఒకటో ఫ్రాంస్వా 1539లో విల్లెర్-కోతరే శాసనంతో బాప్తిస్మాలను నమోదు చేయమని పాదిరీలను ఆదేశించాడు. 1667 శాసనం నుంచి రెండు ప్రతులు రాయాలన్న నియమం వచ్చింది. ఒకటి చర్చిలో, ఒకటి న్యాయస్థానం గుమాస్తా దగ్గర. కాబట్టి ఒకటి ఎలుకలు కొట్టినా, తడిసినా రెండోదాని కోసం అడగండి. పారిస్ మాత్రం ప్రత్యేక దుఃఖం. 1871 మే నెలలో పారిస్ కమ్యూన్ అనే తిరుగుబాటు చివరి రోజుల్లో నగర కార్యాలయం, న్యాయస్థానం రెండూ తగలబడి రెండు ప్రతులూ బూడిదయ్యాయి. 1860కి ముందు పారిస్‌లో పుట్టినవాళ్ల దాఖలాల్లో తర్వాత మళ్లీ కూర్చగలిగింది సుమారు మూడో వంతే.

ఆడవాళ్లను ఎప్పుడూ పుట్టింటి పేరుతోనే వెతకండి. ఫ్రెంచి చట్టం ప్రకారం పెళ్లితో ఇంటిపేరు మారదు. భర్త పేరు వాడుక పేరు మాత్రమే. మూడు తరాలు దాటాక లెఫెవ్ర్ వరస ఆగిపోయినట్టనిపిస్తే ఆడవాళ్ల వైపు వెళ్లండి, వాళ్ల పేర్లు తరచూ అరుదైనవై ఉంటాయి కాబట్టి వెతకడం తేలిక.

ఉమ్ముతో చేసే డీఎన్‌ఏ పరీక్ష కిట్ తెప్పించుకునే ఆలోచన ఉంటే మానుకోండి. వంశవృక్షం కోసం ఆ పరీక్ష చేయించుకోవడం ఫ్రాన్స్‌లో చట్టవిరుద్ధం. 3,750 యూరోల జరిమానా ఉంది.

ప్రశ్న: మనవడు పుట్టబోతున్నాడు. మా ఇంటిపేరు పెట్టాలా, లెఫెవ్ర్ పెట్టాలా? అక్కడి చట్టం ఏమంటుంది?
— మొదటి ప్రశ్న అడిగిన పాఠకురాలే

జవాబు: ఎవరి పేరైనా పెట్టొచ్చు. 2005 జనవరి 1 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం తండ్రి పేరు, తల్లి పేరు, లేదా ఏ క్రమంలోనైనా రెండూ పెట్టుకోవచ్చు. ఇందుకు తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన పత్రాన్ని జననం నమోదు చేసేటప్పుడే ఇవ్వాలి. ఫ్రాన్స్‌లో నమోదుకు గడువు 5 రోజులే, పుట్టిన రోజు లెక్కలోకి రాదు. ఆసుపత్రి హడావిడిలో పత్రం మరిచిపోతే, పెళ్లయిన దంపతుల విషయంలో తండ్రి పేరే పడిపోతుంది. ఇద్దరికీ కుదరలేదని ఒకరు అధికారికి తెలిపితే రెండు పేర్లూ అక్షరక్రమంలో పెడతారు. మొదటి బిడ్డకు ఏది పెడితే తర్వాతి తోబుట్టువులకూ అదే.

మన వాళ్లకు ఇక్కడే పెద్ద ఇబ్బంది వస్తుంది. మన అలవాటులో ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంగా. పాస్‌పోర్టులో ‘సర్‌నేమ్’ గడి ఖాళీగానో, లేదా అందులో సొంత పేరో ఉంటుంది. ఆ గడిలో అబ్బాయి సొంత పేరు పడి ఉంటే అక్కడి గుమాస్తాకు అదే ఇంటిపేరు, మనవడికీ అదే సంక్రమిస్తుంది. కాన్పుకు కొన్ని నెలల ముందే అబ్బాయి పాస్‌పోర్టు తీసి చూడండి. తేడా ఉంటే ముందు పాస్‌పోర్టు సరిచేయించుకోండి. దాఖలాలో పడ్డాక దిద్దించడం చాలా కష్టం.

ఒక వెసులుబాటు కూడా ఉంది. 2022 జూలై 1 నుంచి, 18 నిండిన వ్యక్తి జీవితంలో ఒక్కసారి కారణం చెప్పకుండానే తల్లి పేరుకో తండ్రి పేరుకో మారవచ్చు, లేదా రెండూ కలుపుకోవచ్చు. మేరీలో ఫారం ఇచ్చి, నెల గడిచాక మళ్లీ స్వయంగా వెళ్లి ఖాయం చేయాలి. కాబట్టి ఈ విషయంలో వియ్యంకుల మధ్య మాట పట్టింపు వద్దు. మనవడు పెద్దయ్యాక తానే చూసుకోగలడు.

ప్రశ్న: బొబ్బిలి యుద్ధంలో వినే బుస్సీ దొర పేరుకు అర్థం ఏమిటి? హైదరాబాద్ మూసారాంబాగ్ ఫ్రెంచి పేరేనంటారు, నిజమా?
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి వచ్చిన ఆయన పూర్తి పేరు షార్ల్ జోజెఫ్ పాతిసియే ద బుస్సీ. అసలు ఇంటిపేరు పాతిసియే. అది లెఫెవ్ర్ లాంటి వృత్తి పేరే, మధ్యయుగంలో పిండి పొరలో మాంసం పెట్టి కాల్చి అమ్మేవాడికి ఉన్న మాట. ‘ద బుస్సీ’ అంటే బుస్సీ అనే ఊరికి చెందిన అని. ఉత్తర ఫ్రాన్స్‌లో ఆ పేరుతో చాలా ఊళ్లున్నాయి. ‘ద’ ఉంటే ప్రభువంశమని చాలామంది అనుకుంటారు. అది రుజువు కాదు. ‘ద’ లేని ప్రభువులూ ఉన్నారు, ‘ద’ ఉన్న రైతులూ ఉన్నారు.

మూసారాంబాగ్ మాట నిజమే. నిజాం కొలువులో సేనాధిపతిగా ఉండి 1798లో చనిపోయిన మిషెల్ రేమోఁని హిందువులు ‘మూసా రామ్’ అని, ముస్లింలు ‘మూసా రహీమ్’ అని పిలుచుకున్నారు. ఆయన సమాధి అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. రేమోఁ అనేది మొదట మనిషి పేరు, జర్మానిక్ మూలం. ‘రాగిన్’ ఆలోచన, ‘ముండ్’ రక్షణ. తులూజ్ ప్రభువులు తరతరాలు పెట్టుకోవడంతో దక్షిణ ఫ్రాన్స్ అంతా పాకింది.

ప్రశ్న: అమెరికాలో లెఫెవ్ర్‌లు ‘బీన్’ అయ్యారని విన్నాను. చిక్కుడుకాయకూ కమ్మరికీ ఏమిటి సంబంధం?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: సంబంధం లేదు, అదొక పొరపాటు అనువాదం. ఫ్రెంచిలో చిక్కుడు జాతి గింజను ‘ఫెవ్’ అంటారు. కెనడా నుంచి న్యూ ఇంగ్లండ్‌కు కూలికి వెళ్లినవాళ్ల పేరు చివరి ‘ర్’ లేకుండా వినబడేసరికి దాన్ని గింజ అనుకుని ఇంగ్లిషులోకి మార్చారు. మిగిలినవాళ్లు ‘లఫేవ్’, ‘లఫీవర్’ అయ్యారు. మీకు దగ్గరలో, న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ పాల్ట్జ్‌కు 1677లో భూమి పట్టా పొందిన 12 మంది హ్యూగెనాట్లలో (ఫ్రెంచి ప్రొటెస్టెంట్లలో) ఇద్దరు లెఫెవ్ర్‌లు. అక్కడి పాత రాతి ఇళ్లు చూడదగినవి.

ప్రశ్న: మా తాతగారు ఫ్రెంచి పాలనలో యానాంలో పుట్టారు. వారి దాఖలా ఫ్రాన్స్‌లో దొరుకుతుందా?
— ఒక పాఠకుడు, యానాం

జవాబు: వెతకాల్సిన చోటు దక్షిణ ఫ్రాన్స్‌లో ఎక్స్-ఆఁ-ప్రోవాఁస్ నగరంలోని విదేశీ వలసల జాతీయ దస్త్రాలయం. దాని సైటులో ‘ఇండియా’ విభాగం తెరిస్తే పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చందర్‌నగర్‌లతో పాటు యానాం రిజిస్టర్లు సంవత్సరం వారీగా ఉంటాయి. అక్కడ యానాం పేరు ‘యనాఓఁ’, వై-ఎ-ఎన్-ఎ-ఒ-ఎన్ అని వెతకాలి. చూడటానికి రుసుము లేదు. తాతగారి పుట్టుక ఇటీవలిదైతే ఆ సంవత్సరం ఆన్‌లైన్‌లో ఉండకపోవచ్చు, అప్పుడు యానాంలోని కార్యాలయంలో అడగాలి. ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకున్న కుటుంబమైతే నాంత్ నగరంలోని కేంద్ర జనన మరణాల కార్యాలయానికి రాయాలి.

పేరును మాత్రం ఫ్రెంచివాడి చెవితో విని వెతకండి. మన ‘ఉ’ను వాళ్లు ఒ-యు అని రాశారు, ‘జ’ను డి-జె అని, ‘చ’ను టి-సి-హెచ్ అని. రాజు గారు ఆర్-ఎ-డి-జె-ఒ-యు కింద ఉంటారు, ఆర్-ఎ-జె-యు కింద ఎంత వెతికినా కనబడరు. ఇంటిపేరు కొన్ని దాఖలాల్లో పేరుకు ముందు, కొన్నిట్లో వెనుక, కొన్నిట్లో అసలు లేకుండా ఉండొచ్చు. అందువల్ల పేరుతో పాటు తండ్రి పేరు, పేట కూడా సరిపోల్చుకోండి. 1881 సెప్టెంబరు 21 డిక్రీ కింద సొంత ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్‌లో చేరినవాళ్లు, ముఖ్యంగా పుదుచ్చేరిలో, ఆ రోజే తమకొక ఇంటిపేరు ఎంచుకుని రాయించుకున్నారు. వంశంలో ఉన్నట్టుండి ఒక ఫ్రెంచి పేరు మొదలైతే, ఆ డిక్రీ తర్వాతి సంవత్సరాల రిజిస్టర్లు ముందు తెరవండి.